మూడుసార్లు అన్న మాట

గడ్డి మరీ మందంగా పరిచానేమో అనుకుంది వెనరాండ, గుమ్మంలో నిలబడి తన ఇంటిని తానే పరాయిదానిలా చూసుకుంటూ. పొద్దున కొండవాలుకు పోయి కోసుకొచ్చిన గడ్డి, ఇంకా పచ్చివాసన పోలేదు, గోడ నుంచి గోడ దాకా పరిస్తే ఇల్లు పెళ్లివారిల్లులా కళకళలాడుతోంది, పదిహేనుమంది కూర్చుంటారనే పరిచింది, లాడిస్లాస్ తాతకి మోకాళ్లు వంగవు కనక ఆయనకు ముక్కాలిపీట, చంటిపిల్లల తల్లులకు గోడవార, పస్కాజియాకు కిటికీ పక్క, ఎప్పుడూ కూర్చునే చోటే, అక్కడ గడ్డి మీద చాప కూడా వేసింది, వేసి తీసింది, తీసి మళ్లీ వేసింది, ప్రత్యేకంగా చాప వేస్తే కాకా పట్టినట్టుంటుంది, వేయకపోతే లెక్కచేయనట్టుంటుంది, చివరికి సగం మడిచి ఎవరో మరిచిపోయి వదిలేసినట్టు అక్కడ పడేసింది. ఫ్లాస్కులో టీ ఉంది. ఉడకబెట్టి ఎండబెట్టిన కాఫీకాయలు చిన్న బుట్టలో ఉన్నాయి, వచ్చినవాళ్లు నమలడానికి. వేయించిన వేరుశనగలున్నాయి. సిలువ ముందు తెల్లగుడ్డ, కొవ్వొత్తి, పక్కన అగ్గిపెట్టె. లేనిదల్లా మనుషులు. ఇంకా వేళ కాలేదులే అని సర్దిచెప్పుకుంది.

ఈ వారం పునీత అన్నమ్మ సంఘం ప్రార్థన ఆమె ఇంట్లో. పది పన్నెండు ఇళ్ల సంఘం, వారానికొక ఇల్లు, వంతు వచ్చిన ఇంటివాళ్లు గోడలకు ఎర్రమట్టి పూసుకుని హడావుడి పడతారు, వెనరాండకైతే ముందురోజు నిద్రే పట్టదు, ఒంటిమనిషి ఇంట్లో అంతమంది గొంతులు వినిపించేది ఆ ఒక్క పూటే కదా. వాళ్లు వెళ్లిపోయాక కూడా రెండు రోజులదాకా ఆ గడ్డి తీయదు, నలిగిన చోట్లు చూసి ఇక్కడ ఫలానావాళ్లు కూర్చున్నారని అనుకుంటుంది, పిచ్చిదాన్ని అని తనే నవ్వుకుంటుంది. ఈసారి మాత్రం లాడిస్లాస్ తాత ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీద ఆపాడు. మనిషి మంచివాడే, కాని కష్టమైన మాట చెప్పాల్సి వస్తే ఎదుటివాళ్లకు కాక తన టోపీకి చెప్తాడు. "చూడమ్మా వెనరాండా," అన్నాడు టోపీని తిప్పుతూ, "పస్కాజియా వస్తే మేమందరం వస్తాం. ఆమె రాకపోతే మేమొచ్చి ఏం చేస్తాం చెప్పు? ఇద్దరాడాళ్లు ఎడమొహం పెడమొహంగా ఉంటే ఆ ఇంట్లో కూర్చుని శాంతి శాంతి అని పాడటం, అది పైవాడితో పరాచికమాడినట్టు కాదూ?" సరే తాతా అంది. మరి ఏమంటుంది? ఆయన చెప్పింది ఆయన కల్పించింది కాదు, సంఘంలో ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటే, పోయినేడు రెండు ఇళ్ల మధ్య మేక గొడవ వస్తే ఇదే మాట తనూ అంది, ఎంత సులువుగా అంది అప్పుడు.

కాబట్టి ఇప్పుడు ఆ అరటితోట మధ్యనున్న దారి మీద ఒక్క మనిషి కనిపిస్తే చాలు. పస్కాజియా కనిపిస్తే వెనకాల అందరూ కనిపిస్తారు. మనిషి పొట్టి, నడక మాత్రం పెద్దది, దూరం నుంచే చేతులూపుకుంటూ వస్తుంది, నీలంరంగు గుడ్డ కట్టుకుంటే ఆకుల మధ్య ఇట్టే తెలిసిపోతుంది. ఏదో కదిలింది. కోడి. వెనరాండ కోడే, తిన్నగా లోపలికి దూరి కొత్తగడ్డిని కాళ్లతో చెరిగిపారేయడం మొదలుపెట్టింది, దీనికైతే ఇల్లు తయారై ఉందని ఎవరు చెప్పారో, పిలవని పేరంటానికి ఎంత ఠంచనుగా వచ్చిందో, ఉష్ ఉష్ అని తరిమి చెదిరిన గడ్డి సర్దుతూ వంగితే నడుము కలుక్కుమంది. సర్దుతున్నది ఎవరి కోసం. వస్తారు. రాకపోతే? రాకపోతే ఏముంది, గడ్డి మేకకు వేస్తాను, టీ నేనే తాగుతాను, ఫ్లాస్కెడు టీ, రాత్రంతా లేచి లేచి బయటికి పోతాను, అంతేగా. అంతే కాదని ఆమెకు తెలుసు. ఈ పూట రాకపోతే ఇక రారు. వంతు తప్పిన ఇల్లు వంతుల్లోంచి జారిపోతుంది, ఎవరూ తీసేయరు, ఎవరూ ఏమీ అనరు, వచ్చే వరుసలో చదివేటప్పుడు ఆ పేరు దగ్గర గొంతు కాస్త తడబడుతుంది, అంతే.

పక్కింటి జెనెరోజా నెత్తిన అరటిగెలతో పోతూ పోతూ ఆగింది. ఆమెది వేరే చర్చి, అందుకని ఈ సంఘం గొడవలంటే ఆమెకు సంతలో బొమ్మలాట చూసినంత సరదా. "ఏం వెనరాండా, తలకి కొత్తగుడ్డ, నేలకి కొత్తగడ్డి! పెళ్లికొడుకొస్తున్నాడేంటి?"

"వస్తే నీకే ఇచ్చేస్తాలే, నీ మొగుడు ముసలాడైపోయాడుగా," అంది వెనరాండ.

"అబ్బో, నోరు మాత్రం తగ్గలేదు! ఆ నోరే కదే నీ కొంప ముంచింది!" అని పకపకా నవ్వుకుంటూ వెళ్లిపోయింది. నవ్వులో విషం లేదు. అయినా ఆ మాట వెళ్లలేదు, గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

ఆ నోరే. అసలు ఆ రోజు నోరు తెరవకుండా ఉంటే? మౌనంగా కూర్చునేవాళ్లూ ఉంటారు, తప్పేం లేదు. బైబిల్లోంచి సువిశేషం చదవడం, ఆ తర్వాత మౌనం, ఆ తర్వాత ఎవరి మనసుకు తగిలిన మాట వాళ్లు పైకి అనడం, మూడుసార్లు, నిదానంగా, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వదిలి. అదీ పద్ధతి. ఆ మాటే ఎందుకని ఎవరూ అడగరాదు, అన్నవాళ్లు చెప్పరాదు, చెప్పుకోవడాలు తర్వాతి వంతులో. ఆ రోజు చదివింది బావి దగ్గరి కథ, మిట్టమధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసి నీళ్లకొచ్చిన ఆడమనిషి, ఏసు ఆమెను నీళ్లడగడం, చివరికి ఆమె తెచ్చుకున్న కుండ అక్కడే వదిలేసి, తను మొహం చాటేసే ఆ ఊరి జనం దగ్గరికే పరిగెత్తడం. మౌనం పాటించారు. లాడిస్లాస్ తాత ఏ కథ చదివినా "నిత్యజీవం" అంటాడు, చెవులు సరిగా వినపడవు, ఆ మాట అయితే ఎక్కడైనా సరిపోతుందని ఆయన ధీమా. ఎవరో "దాహం" అన్నారు. ఎవరో "ప్రవక్త" అన్నారు. వెనరాండ కళ్లు మూసుకుని ఉంది, కళ్ల ముందు ఊట కనిపిస్తోంది, రాతిమెట్లు, మెట్లమీద నాచు, ఎండ, ఎండలో తన నీడ ఒక్కటే, "కుండ" అంది. ఊపిరి వదిలింది. "కుండ" అంది. ఎవరో దగ్గారు. ఎవరో ముక్కుతో నవ్వి ఆపుకున్నారు. అప్పుడు అర్థమైంది, కాని మూడోది మిగిలిపోయింది, రెండోదానితో ఆపితే ఇంకా తప్పుగా ఉంటుందని అనిపించిందో, అలవాటుకొద్దీ నోరే అనేసిందో, "కుండ" అంది. కళ్లు తెరిచేసరికి అందరూ నేలకేసి చూస్తున్నారు. పస్కాజియా మాత్రం ఈమెనే చూస్తోంది. ఆ ఊళ్లో కుండ అంటే నీళ్ల కుండ ఒక్కటే కాదు. ఫలానావాడు కుండ పట్టాడంటే తాగుడుకు దిగాడని, కుండలో పడ్డాడంటే ఇక లేవడని, లారీవాళ్లు తెచ్చిన మాట, ఇప్పుడు చిన్నపిల్లలు కూడా అంటారు. కుండ వదిలిపెట్టాడా, వదల్లేదా? ఈ ప్రశ్న ఆ సంఘంలో ఒక్క ఇంటి గురించే అడగాలి, ఎవరూ అడగరు. పస్కాజియా మొగుడు సొస్పేటర్.

పస్కాజియా సంఘానికి పెద్ద. ఆ పొట్టి మనిషి లేకపోతే ఆ సంఘం వారం తిరిగేసరికి వట్టి పాటల బృందం అయిపోతుందని అందరికీ తెలుసు. ప్రార్థన చివర్లో ఒక వంతు ఉంటుంది, "ఈ వారం ఏం చేద్దాం" అని, చాలాచోట్ల ఆ వంతు వచ్చేసరికి జనం చెప్పులు వెతుక్కుంటారు, ఇక్కడ మాత్రం పస్కాజియా మోకాలి మీద చరిచి "ఊఁ, చెప్పండి, ఎవరి చెయ్యి ఖాళీ?" అనేది. కప్పు కూలిన ఇంటికి గడ్డి కప్పారు. కాలు విరిగిన మనిషిని మంచం మీద మోసుకుని ఆసుపత్రికి పోయారు, కొండ దిగి కొండ ఎక్కి. కొడుకు పోయిన ముసలామె చేనంతా ఒక్క పూటలో తవ్విపెట్టారు, పాడుకుంటూ తవ్వారు, ఆమె ఏడవడం మానేసి మీ గొంతులు బాగాలేవర్రా అని తిట్టేదాకా. ఇవన్నీ చేసిన మనిషి ఇంట్లో ఏముందో మాత్రం ఎవరూ చెప్పుకోరు. "సొస్పేటరుకి కాళ్లవాపు" అంటుంది. "రక్తపోటు" అంటుంది. అందరూ తలూపుతారు, "పస్కాజియా ఇంటి కష్టం కోసం" అని ప్రార్థిస్తారు, కష్టం అనే ఆ మాట మీద గుడ్డ కప్పి పక్కకు జరుగుతారు. వెనరాండకు మాత్రం చెప్పింది. ఇద్దరూ వంటపాకలో అరటికాయలు చెక్కుతున్నారు, చేతులకు జిగురు, పస్కాజియా తలెత్తకుండానే చెప్పింది, తాగి పడిపోయిన మొగుడు ఎక్కడ దొరికాడో, ఎలా మోసుకొచ్చిందో, పిల్లలు చూడకముందే బట్టలు ఎలా మార్చిందో. "ఇది నీకూ నాకూ మధ్యే అక్కా. నేను పెద్దగా నిలబడి ఊరందరి కష్టాలు మోస్తున్నానే, నా ఇంట్లో ఇదని తెలిస్తే ఇంకెవరు నా మాట వింటారు?" అప్పుడు వెనరాండ ఏం చేసింది? చెక్కుతున్న కాయ పక్కన పెట్టి పస్కాజియా జిగురుచేతిని తన జిగురుచేతిలోకి తీసుకుంది, రెండూ అతుక్కుపోయాయి, విడదీయడానికి నూనె రాసుకోవాల్సి వచ్చింది, ఇద్దరూ కడుపుబ్బ నవ్వారు.

ఆ చేయి. ఎంత విచిత్రం, తను అనదలుచుకుంది ఆ చేతి గురించే, అది ఎవరికి చెప్తుంది ఇప్పుడు. మొగుడు అపొలినార్ జబ్బుపడ్డ రోజులు. కాఫీలారీ తోలేవాడు, మంచి మనిషి, పాటలు పిచ్చిగా పాడేవాడు, పోను పోను అతని ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగల్లేదు, అప్పటికి ఆ జబ్బుకు ఊళ్లో పేరు కూడా లేదు, పేరు లేకపోయినా భయం మాత్రం ఉంది, అయినవాళ్లే గిన్నెలో కూడు తెచ్చి వాకిట్లో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా పోయేవాళ్లు. అతను పోయాక ఇక ఈమె వంతు అని ఊరంతా కాచుక్కూర్చుంది. ఒక ఏడు చూశారు, రెండేళ్లు చూశారు. వెనరాండ పోలేదు. చావకపోవడం కూడా ఒక తప్పయిపోయింది. ఊటకు వెళ్తే ఆడవాళ్లు తమ డబ్బాలు ఇవతలికి లాక్కునేవాళ్లు, చీదరించుకోరు, ఏమీ అనరు, లాక్కుంటారు అంతే, దానికంటే తిట్టినా బాగుండేది. అందుకని ఎవరూ ఉండని మధ్యాహ్నం వెళ్లేది. అప్పటికి అందరివీ ప్లాస్టిక్ డబ్బాలు, ఈమెది మాత్రం అత్తగారిచ్చిన మట్టికుండ, పీకలదాకా నింపితే ఒంటిచేత్తో నెత్తికెత్తుకోలేరు ఎవరూ, పక్కనొక చెయ్యి ఉండాలి, ఆ చెయ్యి లేదు కనక సగమే నింపేది. ఇంటికొచ్చాక మళ్లీ వెళ్లేది. సగం కుండలతో గడిచిన ఏళ్లవి. బిడ్డలైనా లేరు. అందరినీ బిడ్డల పేర్లతో ఫలానా తల్లీ అని పిలుచుకునే ఊళ్లో ఈమె వట్టి వెనరాండ. ఒక మధ్యాహ్నం మెట్ల మీద ఎవరో ఉన్నారు. వెనక్కి తిరగబోయింది. "ఎక్కడికి పోతావక్కా, నేనేం కరుస్తానా?" అంది ఆ పొట్టిమనిషి. అప్పటికి పస్కాజియా కొత్తకోడలు, చేతిలో డబ్బా లేదు, బిందె లేదు, నీళ్లకు రాలేదు, మరి ఆ ఎండలో ఎందుకొచ్చిందో ఆమె చెప్పలేదు, ఈమె అడగలేదు. "నింపు, నిండా నింపు" అంది. నింపాక వంగి రెండు చేతులూ కుండ అడుక్కి వేసి, ఒళ్లంతా తడిసిపోతుంటే, ఎత్తి నెత్తిన పెట్టింది. ఆ కుండ బరువు మెడలోంచి వెన్నులోకి దిగింది. అంత బరువు ఎంత హాయిగా ఉంటుందో అంతకుముందు వెనరాండకు తెలియదు. ఇంటిదాకా ఏడుస్తూ నడిచింది, నీళ్లు ఒలికాయని ఎవరైనా అనుకుని ఉంటారు.

అదీ కుండ. ఆ కథలో ఆ మనిషి కుండ వదిలేసి జనంలోకి పరిగెత్తిందని చదివినప్పుడు ఒళ్లు ఝల్లుమంది అందుకు. నేనూ వచ్చాను కదా జనంలోకి, ఒక మనిషి చెయ్యి పట్టుకునే కదా వచ్చాను, ఆ మనిషి ఇదిగో నా ఎదురుగానే కిటికీ పక్కన కూర్చుందే అనుకుంది, కృతజ్ఞతతో కడుపు నిండిపోయి అన్న మాట అది. పస్కాజియా లేచి, సువిశేషం మూసి, పక్కమనిషి ఒళ్లో పెట్టి బయటికి నడిచింది. చెప్పుకోవడాల వంతు రాకముందే. మర్నాడు వెనరాండ వాళ్లింటికి వెళ్తే తలుపు తీయలేదు, తలుపుకు అటువైపే నిలబడి ఉంది, ఊపిరి వినిపిస్తోంది.

"పస్కాజియా, ఒక్క మాట విను, నేనన్నది..."

"మూడుసార్లు," అంది తలుపు వెనకనుంచి. "ఒక్కసారైతే అక్క నోరు జారిందిలే అనుకునేదాన్ని. మూడుసార్లు అన్నావు. దేవుడి ముందు కూర్చోబెట్టి కొట్టావు కదే."

ఆ 'కొట్టావు కదే' అన్నదాంట్లో ఆ 'కదే' ఇప్పటికీ చెవిలో ఉంది. అన్నేళ్లలో పస్కాజియా ఈమెను అక్కా అనకుండా మాట ముగించింది అదే మొదలు. ఆ వారమే సంఘం పెద్దరికం వదిలేసింది. వెనరాండ పంపిన అరటికాయలు తిరిగొచ్చాయి, బుట్టతో సహా. ఉత్తరం రాద్దామంటే పస్కాజియాకు కళ్లజోడు లేదు, చేతిరాత ఆనదు, ఇంకొకరితో చదివించుకోవాలి, ఫాదరుతో చెప్పిద్దామంటే ఫాదరు నాలుగు ఊళ్ల గుళ్ల మధ్య మోటారుసైకిలు మీదే బతుకుతాడు. సంఘంలో మిగతావాళ్లతో చెప్పబోయింది, "ఆ ఊట రోజుల్లో..." అని మొదలుపెడితే వాళ్ల మొహాలు మారిపోయాయి, ఎందుకు మారవు, అప్పుడు డబ్బాలు ఇవతలికి లాక్కున్నది వాళ్లు, వాళ్ల అమ్మలు. ఇప్పుడా సంగతి ఎత్తితే అందరినీ దెప్పినట్టవుతుంది. అయినా పెద్ద లేని సంఘం ఏమైంది? రెండు వారాలుగా "ఈ వారం ఏం చేద్దాం" అని తాత అడుగుతాడు, అందరూ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, "ప్రార్థన చేద్దాం" అంటారు. ముసలామె చేను కలుపెక్కిపోయింది. ఒక్క మాట, నీళ్లు తెచ్చుకునే వస్తువు పేరు, ఇంత చేసింది.

నీడ గుమ్మం దాటి లోపలికొచ్చింది. బుకోబా పట్నం పోయే బస్సు కొండమలుపు దగ్గర ఆగి, హారను కొట్టి, వెళ్లిపోయింది. ఆ బస్సు వెళ్లాకే సంఘం మొదలవుతుంది ఎప్పుడూ. సరే, ఆలస్యంగా వస్తారు. పస్కాజియా రాగానే మోకాళ్ల మీద కూర్చుంటాను. నువ్వెత్తిన కుండే అది, అంటాను. అంతే. ఇంకేం అక్కర్లేదు, ఆ మూడు మాటలకు ఆమెకు మొత్తం గుర్తొస్తుంది, తడిసిన బట్టలు, మెట్లు, అన్నీ. నువ్వెత్తిన కుండే అది. ఎన్ని రాత్రులు కూడబలుక్కుంటే దొరికిందో ఆ వాక్యం, దాన్ని ఇప్పుడు పెదాల మీద నిలబెట్టుకుని, ఒలికిపోతుందేమోనన్నట్టు తల కూడా తిప్పకుండా దారికేసి చూస్తోంది వెనరాండ. ఆకులు కదిలాయి. ఈసారి కోడి కాదు. మనిషే. పొట్టిమనిషి కాదు, పెద్ద అడుగులు కావు, ఒక్కో అడుగూ తీసి చూసి పెడుతున్నట్టు, చేతికర్ర ఒకటి, పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టక మడమలు బయటికి వేలాడుతున్నాయి. సొస్పేటర్.

వాకిట్లో ఆగాడు. శుభ్రంగా స్నానం చేశాడు, చొక్కా గుండీలు అన్నీ పెట్టుకున్నాడు, ఒకటి తప్పు కాజాలో. కళ్లు మాత్రం పసుపు. "సంఘం ఇక్కడేనా వదినా?" అన్నాడు.

"ఇక్కడే. రా. లోపలికి రా సొస్పేటరూ."

లోపలికొచ్చి గడ్డిని చూశాడు, ఖాళీ నేలని చూశాడు, కొవ్వొత్తిని చూశాడు. "పెద్ద బంతికే పరిచావు. నేనొక్కణ్ణి సరిపోతానా?" అని తనే నవ్వి, తాత కోసం పెట్టిన పీట వద్దని, కర్ర ఆనుకుని నెమ్మదిగా గడ్డి మీదే కూలబడ్డాడు. కాఫీకాయల బుట్ట అందిస్తే ఒకటి తీసుకున్నాడు, నోట్లో వేసుకోలేదు, వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "దానికి తెలీదు నేనొచ్చినట్టు. చేనుకు పోయింది. రాదు వదినా, ఇవాళ. రానంది. అందుకే నేనొచ్చాను."

వెనరాండ ఎదురుగా కూర్చుంది. పెదాల మీది వాక్యం అలాగే ఉంది. వినాల్సిన మనిషి మాత్రం రావడం లేదు.

"ఒకటడుగుతాను, నిజం చెప్పు," అన్నాడు. "ఇన్నేళ్లూ మా ఇంట్లో సంఘం కూర్చున్నప్పుడల్లా నేను వెనక వంటపాకలో ఉండి వినేవాణ్ణి. లోపలికి రమ్మని ఒక్కడూ అనలేదు, నేనూ రాలేదు, అది వదిలెయ్. ప్రార్థన వినేవాణ్ణి. 'ఈ ఇంటి కష్టం కోసం' అంటారు. ప్రతిసారీ. ఇంటి కష్టం! ఇమాకులాటా వాళ్ల ఆవు ఈనలేక పడిపోతే ఆవు కోసం ప్రార్థించారు వదినా, ఆవు అని చెప్పి మరీ, ఎర్రావు అని రంగు కూడా చెప్పారు. నాకు పేరు లేదా? ఆవుపాటి చెయ్యనా?" కాఫీకాయ కింద పడింది, గడ్డిలో వెతికి తీసుకున్నాడు. "ఆ రోజు నువ్వు కుండ అన్నావని, మూడుసార్లు అన్నావని, ఊరంతా చెప్పుకున్నారు. పగబట్టి అన్నావని మా ఆవిడ అంటుంది. నోరు జారావని తాత అంటాడు. నోరు జారితే ఒకసారి జారుద్ది గాని మూడుసార్లు జారుద్దా? నేను లెక్కేసుకున్నాను. నా గురించి దేవుడి ముందు పైకి అన్న మనిషి ఈ ఊళ్లో నువ్వొక్కదానివే. అప్పట్నుంచి తాగడం మానేశానని కోతలు కొయ్యను. నిన్న తాగాను. ఇవాళ తాగలేదు. ఇక్కడికి రావాలని తాగలేదు. చెప్పు వదినా. నా కోసమే అన్నావా?"

కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది. కాదు సొస్పేటరూ, నా మనసులో నువ్వు లేవు, నీ పెళ్లాం చెయ్యి ఉంది, ఊట ఉంది, ఇది వెళ్లి దానికి చెప్పు. చెప్తాడు. చేనులోంచి అది పారతో సహా పరిగెత్తుకొస్తుంది, అక్కా అని అరుచుకుంటూ వస్తుంది, రేపటికి ఈ గడ్డి మీద పదిహేనుమందీ ఉంటారు, తాత టోపీ తీసి క్షమించమ్మా అంటాడు, ముసలామె చేను దున్నుతారు, తను మళ్లీ మనుషుల్లో ఉంటుంది. నిజమే కదా, అబద్ధం కాదే. ఇన్ని రోజులుగా దేవుణ్ణి అడిగింది ఇదే, నా మాట తీసుకెళ్లే ఒక మనిషిని పంపు అని, పంపాడు, ఇదిగో ఎదురుగా కూర్చోబెట్టాడు, తప్పు కాజాలో గుండీ పెట్టుకున్న ఈ మనిషిని. ఈ మనిషినే ఎందుకు పంపావయ్యా? ఇంకెవరూ దొరకలేదా? ఈ మనిషి ఇవాళ స్నానం చేశాడు. ఉబ్బిన కాళ్లతో ఆ ఎత్తంతా ఎక్కి వచ్చాడు. కాదు అంటే లేచి నిలబడి, ఓహో అలాగా, నేనేదో అనుకున్నాను అని నవ్వి, కర్ర తీసుకుని, తిన్నగా ఎక్కడికి పోతాడో ఆమెకు తెలుసు. ఆ మాట అన్నప్పుడు ఇతని కోసం అనలేదు. అని ఉండాల్సింది. సంఘంలో ఇన్నేళ్లు కూర్చుంది, అందరితోపాటు తనూ ఇంటి కష్టం ఇంటి కష్టం అంటూనే వచ్చింది, జిగురుచేతులతో అంతా తెలిసి కూడా.

"నీ కోసమే," అంది.

"పగతో కాదు కదా?"

"పగతో కాదు. ప్రమాణం."

అతను తల వంచుకున్నాడు. వీపు కదులుతోంది. వెనరాండ లేచి కొవ్వొత్తి వెలిగించింది, అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది, వచ్చి మళ్లీ ఎదురుగా కూర్చుని, "ప్రభువా, సొస్పేటర్ కోసం," అంది. పేరు పెట్టి అంది. తండ్రి పేరూ కలిపి అంది, కళ్లకోసం, కాళ్లకోసం, ఈ పూట కోసం, రేపు పొద్దున కోసం అంది, తెలిసిన ప్రార్థనలన్నీ అయిపోయాక తెలియనివి కూడా అంది. అతను ఆమెన్ అన్నాడు. తర్వాత టీ తాగారు. రెండు గ్లాసులు తాగాడు, వేరుశనగలు జేబులో పోసుకున్నాడు, వచ్చేవారం ఎవరింట్లో అని అడిగాడు. ఎవరింట్లోనైనా నన్ను పిలువు, వెనక కూర్చుంటాలే అన్నాడు. ముందే కూర్చో అంది.

వాకిట్లోకి దిగాక వెనక్కి తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. "ఇంటికెళ్లగానే దానికి చెప్తాను వదినా. నా గురించే అందటే, తనే ఒప్పుకుంది, ప్రమాణం చేసి మరీ చెప్పిందని చెప్తాను."

పస్కాజియా ఆ మాటను ఎలా వింటుందో వెనరాండకు అప్పుడే వినిపించింది. తలుపు వెనక ఆ ఊపిరి. ఆ తర్వాత ఇక ఊపిరి కూడా వినిపించదు.

"చెప్పు," అంది. "నేనే అన్నానని చెప్పు."